భీమ ఒడ్డు తట్టు గుర్రం

పోయిన కార్తీకంలో మా మేనత్త దినాలకు షోలాపూర్ వెళ్ళాను. పూర్వ భాగ్‌లోని మా పాత ఇంట్లో మిగిలిన ఆఖరి మనిషి ఆవిడే. దినాలు అయిపోయాక ఆవిడ సామానంతా మూటలు కట్టి కారులో పెట్టాం. డిక్కీ చాల్లేదు. వెనక సీటు కూడా నిండింది. "ఇంత సామాను ఏం చేసుకుంటాం నాన్నా" అని మావాడు విసుక్కున్నాడు. ఇంటి ఓనరుకు తాళం చెవి ఇచ్చేసి, తెల్లవారకముందే హైదరాబాద్ దారి పట్టాం.

నల్‌దుర్గ్ ఇంకా రాలేదు. పొగమంచు. ముందున్న లారీ ఆగింది, మేమూ ఆగాం. రోడ్డు నిండా నల్ల గొర్రెలు. మావాడు హారన్ మీద చెయ్యి పెట్టబోతే వద్దన్నాను. అద్దం దించాను.

వాసన వచ్చింది. మంచుకు తడిసిన గొంగడి, గొర్రె పాలు, వాటి అడుగున గుర్రం చెమట. గుర్రం చెమట ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. ఎండుగడ్డి మోపునూ ఉప్పు బస్తానూ ఒకే గదిలో పెట్టి నాలుగు రోజులు తలుపేస్తే కొంచెం అలాంటి వాసనే వస్తుంది. అది ముక్కుకు తగలగానే నేను నిక్కరేసుకుని మా గల్లీ చివర, టాంగా తోలే చాచా గుర్రపు బండి పక్కన నిలబడి ఉన్నాను.

మంద వెనకాల నాలుగు తట్టు గుర్రాలు, పొట్టివి. వాటి మీద సంసారాలు.

*

మేం షోలాపూర్ పద్మశాలీలం. మా తాత వాళ్ళ నాయిన కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చాడు. మా గల్లీలో సగం మంది కథ ఇదే. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, చాచాతో దక్కనీ ఉర్దూ. మాకు ఇవి మూడు భాషలని పెద్దయ్యాక గానీ తెలియలేదు. పొద్దున మిల్లు భోంగా మోగేది. భోంగా అంటే సైరన్. ఆ మోత ఆగకముందే ఇళ్ళల్లో పవర్లూమ్‌లు ఖటఖటా మొదలయ్యేవి. రాత్రి మగ్గాలు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది, చప్పుడు లేక.

ఆ చప్పుళ్ళ మధ్య చాచా గుర్రం గిట్టల చప్పుడు వేరుగా వినిపించేది. రాళ్ళ రోడ్డు మీద టక్, టక్, టక్. చద్దర్ల కట్టలు రైల్వే స్టేషన్ గోదాముకు చేరాలంటే మా గల్లీకి చాచా టాంగాయే దిక్కు. మనుషులు ఎక్కే బండి అది. కానీ సీట్లు తీసేసి బేళ్ళు కూడా వేసేవాడు.

గుర్రం చిన్నది, గోధుమ ఎరుపు రంగు. మెడ మీది జూలు కుచ్చుగా నిలబడి ఉండేది. దాని వీపు మా నాయిన ఛాతీ దాకా వస్తే ఎక్కువ. పేరు చంద్రి. పండరిపురం దగ్గర భీమా నదిని చంద్రభాగ అంటారు కదా, అక్కడి ధన్‌గర్ల దగ్గర కొన్నాడు గనుక ఆ పేరు. ధన్‌గర్లంటే మన గొల్లకురుమల లాంటివాళ్ళు, గొర్రెల కాపర్లు.

"తట్టును కట్టావేం చాచా, మంచి గుర్రం దొరకలేదా?" అని ఎవరైనా అంటే చాచాకు కోపం వచ్చేది. "ఇది భీమ్‌థడీ. వీటి తాతలు ఢిల్లీ చూసొచ్చారు. నువ్వు పూనా చూశావా?" అనేవాడు. థడీ అంటే మరాఠీలో నది ఒడ్డు. భీమ ఒడ్డున పుట్టింది భీమ్‌థడీ. పుణె జిల్లాలో ఆ పేరుతో ఒక తాలూకాయే ఉండేది ఒకప్పుడు, ఇప్పటి దౌండ్, బారామతి ప్రాంతమంతా. అక్కడి నుంచి నీరా నదిని కలుపుకుని, మా షోలాపూర్ జిల్లా మీదుగా, అలా కిందికి వచ్చి మన తెలంగాణ అంచున కృష్ణలో కలిసిపోతుంది భీమ.

దానికి చాచా పెట్టేది నానబెట్టిన శనగలు, జొన్నచొప్ప. శనగలు లేని రోజు చొప్పతోనే సరి. పెద్ద గుర్రమైతే కడుపు నొప్పొచ్చి పడిపోతుందనీ, ఇది మాత్రం మేకలా ఏదైనా నమిలేస్తుందనీ చెప్పేవాడు. శనగల సంచి మూతికి తగిలించగానే అది తల పైకీ కిందికీ ఊపుతూ తినేది. చివర్లో అడుగున మిగిలిన నాలుగు గింజల కోసం సంచిని నేలకేసి నొక్కేది. ఆ చివరి నాలుగు గింజలు నేను అరచేతిలో పోసి పెట్టేవాణ్ణి. గుర్రం పెదవి ఎంత మెత్తగా ఉంటుందో! పళ్ళు తగలనియ్యకుండా గింజ గింజా ఏరుకునేది.

మా తాత మాత్రం చంద్రిని చూసినప్పుడల్లా ఒకటే సామెత చెప్పేవాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు." అది చంద్రి గురించి కాదు, మగ్గాల గురించి. గిరాకీ లేక మగ్గం ఊరికే ఉన్నా కరెంటు బిల్లు, ఇంటి కిరాయి, నూలు అప్పు ఆగవు కదా.

*

మా బడి తెలుగు మీడియమే. అయినా మరాఠీ సారు ప్రార్థన తర్వాత మహారాష్ట్ర పాట పాడించేవాడు. ఇప్పుడది రాష్ట్ర గీతం, 2023లో ప్రకటించారు. అందులో మొదట్లోనే నదుల పేర్లు వస్తాయి, మన కృష్ణ, గోదావరి కూడా. ఆ వెంటనే, భీమ్‌థడీ తట్టులకు యమున నీళ్ళు తాగించండి అని ఒక పాదం.

నాకు ఆ పాదం రెండేళ్ళు అర్థం కాలేదు. ఇంట్లో తట్టు అంటే ఒళ్ళంతా ఎర్రగా పోసే జబ్బు. మా చెల్లెలికి అప్పుడే తట్టు పోసింది, అవ్వ గుమ్మానికి వేపమండలు కట్టింది. తట్టుకు నీళ్ళు తాగించడమేమిటి? యమున నుంచే ఎందుకు? అవ్వనడిగితే, "అమ్మవారికి చల్లదనం కావాలె బిడ్డా, ఏ నీళ్ళైతేంది" అంది. అవ్వకు అన్నిటికీ జవాబుండేది.

చివరికి చాచాయే చెప్పాడు. తట్టంటే చంద్రి. మరాఠా సైన్యం ఈ గుర్రాల మీదే ఢిల్లీ దాకా పోయి యమునలో నీళ్ళు తాగించి వచ్చింది. ఆ రోజు నుంచి బళ్ళో ఆ పాదం రాగానే నేను గొంతు పెంచేవాణ్ణి, మా గల్లీ గుర్రం గురించి పాట అని.

*

చాచా చెప్పినదాంట్లో ఎంత నిజమో చాలా ఏళ్ళ తర్వాత, రిటైరయ్యాక తీరిగ్గా చదువుకున్నాను. చాలా వరకు నిజమే.

దక్కన్‌లో గుర్రాలు మొదటి నుంచీ కరువే. సుల్తానులకైనా రాయలకైనా మంచి గుర్రం అరేబియా నుంచి, పారశీకం నుంచి ఓడలో రావాల్సిందే. ఆముక్తమాల్యదలో రాయలు రాజనీతి చెబుతూ, రేవుల్ని బాగుచేయమనీ, ఏనుగుల్నీ గుర్రాల్నీ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళూ మంచి ఇళ్ళూ ఇచ్చి, రోజూ దర్శనమిచ్చి దగ్గర చేసుకోమనీ అంటాడు. లేకపోతే ఆ గుర్రాలు శత్రువుకు పోతాయి. కవిత్వంలో ఇంత లెక్క ఉన్న మనిషి ఇంకొకరు కనిపించరు నాకు.

ఆయనకు కొన్నేళ్ళ ముందు, 1470 ప్రాంతంలో, అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒకే ఒక్క మగ గుర్రాన్ని వెంటబెట్టుకుని చౌల్ రేవులో దిగాడు. దాన్ని అమ్మి లాభం చేసుకుందామని. జున్నర్‌లో అధికారి ఆ గుర్రాన్ని లాక్కుని, మతం మారితే ఇస్తానన్నాడు. ఖురాసాన్ పెద్దమనిషి ఒకాయన అడ్డుపడి ఇప్పించాడు. పాపం ఆ గుర్రాన్ని మేపలేక మేపుతూ చివరికి బీదర్‌లో వదిలించుకున్నాడు. ఆయనే రాసుకున్నాడు, ఆళంద్ జాతరకు 20 వేల గుర్రాలు అమ్మకానికి వస్తాయని. ఆళంద్ మాకు దగ్గరే. షోలాపూర్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆ దారిన పోయానో! అక్కడ 20 వేల గుర్రాలు సకిలించాయని ఎవరూ చెప్పలేదు.

అలా ఓడల్లో వచ్చిన అరబ్బు గుర్రాలు ఇక్కడి పొట్టి గుర్రాలతో కలిసి, తరాల తరబడి భీమ, నీరా ఒడ్డున ఈ రాళ్ళ నేల మీద, ఈ తక్కువ వాన మీద పెరిగితే తేలిన సరుకు భీమ్‌థడీ. అరబ్బు రక్తం పాలు ఎంతో ఎవరికి వాళ్ళు చెప్పుకుంటారు. గుర్రమున్న ప్రతివాడూ దాంట్లో కొంచెం అరబ్బు ఉందనే అంటాడు, చాచాతో సహా. నాకు మాత్రం రాళ్ళ నేల పాలే ఎక్కువ అనిపిస్తుంది. ఎత్తు తగ్గింది, ఎముక గట్టిపడింది, గిట్ట రాయిలా తయారైంది, తిండి తగ్గించుకుంది.

మరాఠాలకు సరిగ్గా అదే కావాల్సి వచ్చింది. అహ్మద్‌నగర్ సేనాని మలిక్ అంబర్ రోజుల నుంచీ ఈ నేల మీద యుద్ధమంటే ఎదురుపడి గుద్దుకోవడం కాదు, కొట్టి పారిపోవడం. దానికి పెద్ద గుర్రం, బరువైన కవచం పనికిరావు. సొంత గుర్రంతో వచ్చేవాడు శిలేదార్, సర్కారు గుర్రమెక్కేవాడు బార్గీర్. ఆ బార్గీర్ అనే మాటే బెంగాల్ వెళ్ళి బర్గీ అయింది. 1740లలో జరిగిన దాడుల తర్వాత అక్కడి తల్లులు బర్గీలొస్తారని పిల్లల్ని బెదిరించి పడుకోబెట్టేవారు. 1758లో మరాఠాలు సింధు ఒడ్డున అటక్ దాకా పోయారు. మూడేళ్ళకే పానిపట్టు. యమున నీళ్ళు తాగిన గుర్రాల్లో ఎన్ని తిరిగొచ్చాయో పాటలో లేదు.

ఆ కథ ముగిసిందీ భీమ చుట్టుపక్కలే. 1818 మే నెలలో పీష్వా సేనలో మిగిలిన దళం మా షోలాపూర్ కోటను ఆసరా చేసుకుంది. దాన్ని పట్టుకున్నది సర్ థామస్ మన్రో. రాయలసీమలో ఇప్పటికీ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకుంటారే, ఆయనే. సిద్ధేశ్వర్ చెరువు పక్కన ఉన్న ఆ కోట లోపల పార్కులో మేం దొంగ-పోలీసు ఆడుకున్నాం. ఆ సంగతి అప్పుడు తెలిసుంటే నేను పోలీసు పక్షం ఉండేవాణ్ణి కాదు.

తర్వాత తెల్లవాళ్ళ సైన్యానికి ఈ గుర్రం ఎత్తు చాల్లేదు. ఆస్ట్రేలియా నుంచి వేలర్ గుర్రాల్ని ఓడల్లో దింపుకున్నారు. రౌతు లేని గుర్రాన్ని ఎవరు మేపుతారు? దక్కనీ గుర్రం, అంటే ఈ భీమ్‌థడీయే, దాదాపు అంతరించిందని రాసినవి నేనే నాలుగైదు చోట్ల చదివాను. చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. నేను దాని నోట్లో శనగలు పెట్టాను కదా.

*

మంగళవేఢా వైపు మా నాయిన దోస్తు ఒకాయనకు జొన్న చేను ఉండేది. సంక్రాంతి ముందు అక్కడికి హుర్డా తినడానికి పిలిచేవాడు. హుర్డా అంటే మన ఊచబియ్యమే. పాలకంకులు పిడకల నిప్పులో కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊదుకుని, వేరుశనగ చట్నీతో తినడం. చేతులు మసి, మూతులు మసి.

ఒక ఏడాది పక్కన ఖాళీ చేలో ధన్‌గర్లు దిగి ఉన్నారు. గొర్రెల ఎరువు కోసం రైతులే వాళ్ళను పిలిచి మంద పెట్టించుకుంటారు, రాత్రికి ఇన్ని జొన్నలని ఇస్తారు. మా ఊళ్ళల్లో కూడా ఇదే పద్ధతి అని తాత అన్నాడు. మా ఊళ్ళంటే ఆయన లెక్కలో ఎప్పుడూ కరీంనగరే, షోలాపూర్‌లో పుట్టినా సరే.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. చీకటితోనే మగవాళ్ళు గొర్రెల్ని తోలుకుని వెళ్ళిపోయారు. మిగిలింది ఆడవాళ్ళు, పిల్లలు, రెండు కుక్కలు, ఆరు గుర్రాలు. గుర్రాల ముందరి కాళ్ళకు తాడు బంధం. అవి కుందేళ్ళలా గెంతుకుంటూ మొడ్లు మేస్తున్నాయి. నేను వంగి గిట్టలు చూశాను. ఒక్కదానికీ నాడా లేదు. చంద్రికి తారు రోడ్డు మీద తిరగాలి గనుక నాలుగు నాడాలుండేవి, అవి అరిగినప్పుడల్లా చాచా జేబు కూడా అరిగేది.

ఒకావిడ సామాను ఎక్కించడం మొదలుపెట్టింది. నా వయసు కూతురు అందిస్తోంది. ముందు వీపు మీద మడతపెట్టిన గొంగడి. దాని మీద గోనెల బొంత. ఆ పైన రెండు పక్కలా వేలాడే సంచులు, ఒకదాంట్లో జొన్నలు, రెండోదాంట్లో గిన్నెలూ పెనమూ. అటొకసారి ఇటొకసారి ఎత్తి చూసి, జొన్నల సంచిలోంచి రెండు గుప్పిళ్ళు తీసి ఇటు పోసింది. బరువు ఒక పక్కకు లాగితే మధ్యాహ్నానికి వీపు పుండైపోతుందట. పైన గొర్రెల వల, నాలుగు కర్రలు, కాళ్ళు కట్టిన కోడిపెట్ట.

తర్వాత పొట్ట కింది నుంచి తాడు తెచ్చి బిగించబోయింది. గుర్రం గట్టిగా గాలి పీల్చి పొట్ట ఉబ్బించింది. అప్పుడు బిగిస్తే, అది ఊపిరి వదలగానే తాడు వదులైపోతుంది, ఫర్లాంగు పోయేసరికి సామాను కింద పడుతుంది. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. మోకాలు దాని డొక్కకు ఆనించి, తాడు కొస పళ్ళ మధ్య పట్టుకుని, తీరిగ్గా జుట్టు ముడి వేసుకుంది. గుర్రం చెవులు వెనక్కి తిప్పి ఆవిణ్ణి వింటోంది. ఆవిడ రెండో చేతి గాజులు సర్దుకుంది. గుర్రం ఎంతసేపని బిగబట్టుకుంటుంది? ఫుస్సుమని వదిలింది. అదే క్షణంలో ఒక్క గుంజు, ముడి పడిపోయింది. గుర్రం ఇక తల దించేసుకుంది.

చివర్లో, రాత్రి పుట్టిన గొర్రెపిల్లను తల మాత్రం బయటికుండేలా సంచిలో పెట్టింది. నడుముకు పాత చీర పీలిక చుట్టి చంటివాణ్ణి అందరికంటే పైన కూర్చోబెట్టింది. మొత్తం పావుగంట పట్టలేదు. ఇల్లు నిలబడిన చోట మూడు మసి రాళ్ళు మిగిలాయి.

మా నాయినకు ఇల్లు మారాలంటే పది రోజుల ముందు నుంచే టెన్షన్.

*

ఆషాఢంలో ఒకసారి అవ్వ నన్ను పండరిపురం దారిలో రింగణ్ చూపించడానికి తీసుకెళ్ళింది. జ్ఞానేశ్వర్ పల్లకీ వెంట వచ్చే గుర్రం రౌతు లేకుండా వార్కరీల మధ్య, అంటే పండరిపురం నడిచే భక్తుల మధ్య, గుండ్రంగా పరుగెత్తుతుంది. జ్ఞానేశ్వర్ మహారాజే దాని మీద కూర్చుని ఉన్నాడని నమ్మకం. గుర్రం పోగానే జనం ఎగబడి గిట్టల కింది మట్టి నుదుట పెట్టుకుంటారు. అవ్వ చిటికెడు కొంగున కట్టుకుంది. అది పెద్ద గుర్రం, నున్నగా మెరుస్తోంది. ఇంటికొచ్చాక నేను చంద్రి గిట్ట కింది మట్టి కూడా తెచ్చి అవ్వకిచ్చాను. అవ్వ నన్ను తన్నలేదు. రెండూ కలిపి దేవుడి గూట్లో పెట్టింది.

*

ఆటోలొచ్చాయి. బేళ్ళకు టెంపోలొచ్చాయి. చాచా రెండేళ్ళు ఓర్చుకున్నాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక సెలవులకు వస్తే గల్లీ చివర టాంగా లేదు. చంద్రిని కొన్న చోటే, ధన్‌గర్లకే తిరిగి అమ్మాడట. "కసాయికి పోలేదు, అది చాలు" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఒక లూమ్ షెడ్డులో రాత్రి కాపలా చేశాడు. మిల్లుల భోంగాలూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను ఉద్యోగం దొరికి హైదరాబాద్ వచ్చేశాను.

2024 మొదట్లో పేపర్లో చిన్న వార్త. మన దేశపు పశుజాతుల జాబితాలో భీమ్‌థడీని కొత్తగా చేర్చారట, గుర్రాల్లో ఎనిమిదో జాతిగా. మార్వారీ, కాఠియావాడీ, మణిపురీ, జాంస్కరీ లాంటివాటి సరసన. అదే విడతలో మన మాచర్ల గొర్రెకు కూడా చోటు దొరికింది. బారామతి వైపు కొందరు ఏళ్ళ తరబడి పట్టుబట్టి ధన్‌గర్ల గుర్రాల కొలతలు తీయించి, రక్తపరీక్షలు చేయించి సాధించారని చదివాను. ఇన్నాళ్ళూ అంతరించిందని రాసినవాళ్ళు రౌతు కోసం చూశారు. అది కోడిపెట్టనూ పెనాన్నీ మోసుకుంటూ వాళ్ళ కళ్ళ ముందే రోడ్డు దాటింది.

ఆ కటింగు చాచాకు చూపించాలనిపించింది. ఆయన పోయి పదిహేనేళ్ళు.

*

నల్‌దుర్గ్ దారిలో గొర్రెలు దాటడానికి చాలాసేపు పట్టింది. నేను దిగాను. నాలుగు గుర్రాల్లో మూడు ఆడవి. ఒకదాని వెంట ఈ ఏటి పిల్ల తాడు లేకుండా నడుస్తోంది. సామాన్లో తేడా వచ్చింది. ప్లాస్టిక్ బిందె, నీలం తార్పాలిన్, సోలార్ లైటు. గొర్రెపిల్లల తలలు మాత్రం అలాగే సంచుల్లోంచి బయటికి చూస్తున్నాయి. వెనక గుర్రాన్ని పట్టుకున్న ఆవిడకు నా కంటే ఐదారేళ్ళు తక్కువుంటాయేమో. మరాఠీలో పలకరించాను. ఇప్పుడు చాలామంది టెంపో మాట్లాడుకుంటున్నారనీ, తన కోడలు కూడా గుర్రాలు అమ్మేద్దామని పోరుతోందనీ చెప్పింది. "టెంపోకు రోడ్డు కావాలి కదా. చేలోకి ఎట్లా వస్తుంది?" అంది.

గుర్రం మెడ మీద చెయ్యి వేశాను. మంచుకు జూలు తడిగా ఉంది, లోపల ఒళ్ళు వేడిగా ఉంది.

ఆవిడ కారులోకి తొంగి చూసింది. వెనక సీటు నిండా మూటలు, ఇత్తడి బిందె, చద్దర్లు, అత్తమ్మ వంట గిన్నెలు.

"ఇల్లు మారుతున్నారా?"

"మా అత్త పోయింది. ఆమె సామాను."

మళ్ళీ ఒకసారి అటు నుంచి ఇటు దాకా చూసింది, మనసులో రెండు సంచులకు పంచుతున్నట్టు.

"ఇంతేనా? మా తట్టు మీద పట్టేస్తుంది" అని, తాడు గుంజుకుంటూ మంద వెనకాల వెళ్ళిపోయింది.